తీగ సాగే పూసలదండ

బెండకాయ ముక్కలు మూకుట్లో పడగానే జిగురు తీగలు సాగుతుంది. దాని విరుగుడు మన వంటిళ్లలో అందరికీ తెలిసిందే. కాస్త చింతపండు పులుసు చిలకరించాలి, లేదా రెండు చెంచాల పుల్ల పెరుగు వేయాలి. పులుపు తగిలిన కాసేపటికి జిగురు తగ్గి ముక్కలు విడివిడిగా వస్తాయి. ఇంతకీ పులుపు ఆ జిగురును ఏం చేసింది? నీళ్లు తగిలితే ఇంకా పెరిగే తీగ ఈ కొద్దిపాటి పులుసుకు ఎందుకు లొంగింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి బెండకాయ కన్నా మంచి నమూనా ఒకటుంది. జపాన్‌లో చాలామంది ఉదయం అన్నంలో కలుపుకునే నట్టో. ఉడికించిన సోయా గింజలను ఒక రకం బాక్టీరియాతో సుమారు 40 డిగ్రీల వేడిలో ఒక రోజు పులియబెడితే అది తయారవుతుంది. పుల్లలతో కలిపి పైకెత్తితే గింజల మధ్య తెల్లటి దారాలు మూరెడు పొడవున సాగుతాయి. మన దేశంలో మణిపూర్ హవాయిజార్, నాగాలాండ్ అఖుని, సిక్కిం కినెమా, మేఘాలయ తుంగ్రింబాయ్ కూడా ఇలా పులిసిన సోయా వంటకాలే. కినెమా కొనేవాళ్లు దాని జిగటను బట్టి నాణ్యత అంచనా వేస్తారు.

బెండకాయ జిగురులో ప్రధానంగా ఉన్నది చక్కెర అణువుల గొలుసు. నట్టో తీగలో ప్రధానంగా ఉన్నది ఒక అమైనో ఆమ్లపు గొలుసు, పేరు పాలీగ్లుటమిక్ ఆమ్లం. జాతులు వేరైనా రెంటికీ ఒక పోలిక ఉంది. రెండూ ఒళ్లంతా రుణ విద్యుదావేశం మోస్తున్న దారాలే. ఆ ఆవేశం వల్లే తీగ సాగుతోంది, నీరు పట్టి ఉంటోంది, పులుపుకు లొంగుతోంది. పశువుల ప్రాణం తీసే ఒక క్రిమికి కవచమైందీ, ఒక మందును కణం లోపల రోజుల తరబడి బంధించేదీ కూడా అలాంటి ఆవేశమే.

విడి పూసకు లేని జిగట

ఈ దండలో పూస మనకు కొత్తది కాదు. 1866లో జర్మన్ రసాయనవేత్త రిట్‌హౌసెన్ గోధుమ పిండిలోని గ్లూటెన్ నుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేశారు. గ్లూటెన్ పేరు మీదే అది గ్లుటమిక్ ఆమ్లం అయింది. 1908లో టోక్యోలో కికునే ఇకెడా సముద్రపు నాచుతో కాచిన రసానికి రుచినిస్తున్నది ఈ ఆమ్లమేనని కనిపెట్టారు. దాని సోడియం లవణమే అజినమోటో పేరుతో బజారుకు వచ్చింది. నూడుల్స్ బండి దగ్గర పెనంలో చిటికెడు చల్లే తెల్లటి పలుకులు అవే.

అజినమోటో పలుకులను నీళ్లలో వేస్తే ఉప్పులాగే కరిగిపోతాయి. ఎంత కలిపినా తీగ సాగదు. అదే గ్లుటమిక్ ఆమ్లపు పూసలను వేల సంఖ్యలో ఒకదాని వెంట ఒకటి గుచ్చితే నట్టో తీగ అవుతుంది. పది లక్షల డాల్టన్ల అణుభారం ఉన్న ఒక్క దారంలో సుమారు 7,700 పూసలుంటాయి. నట్టో బాక్టీరియా ఇంతకన్నా పొడవైన దారాలను కూడా అల్లగలదు. జిగట పూసలో లేదు, దండ కట్టడంలో ఉంది.

ఈ దారం మొదట దొరికింది వంటింట్లో కాదు. 1937లో హంగరీ శాస్త్రవేత్తలు ఇవానోవిచ్, బ్రుక్నెర్ ఆంత్రాక్స్ బాక్టీరియా చుట్టూ ఉండే పొరలో దాన్ని గుర్తించారు. 1942లో బోవర్నిక్ అనే పరిశోధకుడు, నేలలో ఉండే బాసిల్లస్ సబ్టిలిస్ అనే నిరపాయకరమైన బాక్టీరియా కూడా దీన్ని తయారుచేసి బయటి ద్రవంలోకి వదులుతుందని చూపించారు. నట్టో చేసేది ఆ జాతి బాక్టీరియాయే. వెనకటి రోజుల్లో జపాన్ రైతులు ఉడికిన సోయాను వరిగడ్డిలో చుట్టి ఉంచేవారు. గడ్డిని మరిగించినా దాని మీది బాసిల్లస్ సిద్ధబీజాలు చావవు, మిగతా సూక్ష్మజీవులు చాలావరకు నశిస్తాయి. అందుకే ప్రతిసారీ దాదాపు ఒకే క్రిమి పంట పండేది.

గొడుగులు విప్పిన పిల్లలు

గ్లుటమిక్ ఆమ్లం పూసకు కార్బాక్సిల్ అనే ఆమ్ల సమూహం ఒకటి దండలో చేరాక కూడా ఖాళీగా మిగులుతుంది. నీటిలో అది తన హైడ్రోజన్‌ను ధనావేశంతో సహా వదిలేస్తుంది. మిగిలిన భాగం మీద రుణావేశం నిలుస్తుంది. ఒకే గుర్తు ఉన్న ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. విడివిడి పూసలైతే దూరంగా జరిగిపోతాయి, అక్కడితో తోపులాట తీరిపోతుంది. దండలో ఉన్నవి ఎక్కడికీ పోలేవు. ఇరుగుపొరుగులను తోస్తూనే ఉంటాయి, వాటితో కట్టుబడే ఉంటాయి.

వాన రోజున ఒకే తాడు పట్టుకుని వరసగా నడుస్తున్న బడిపిల్లలను తలచుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. అందరి చేతుల్లో గొడుగులు విప్పి ఉన్నాయి. గొడుగు గొడుగుకు అడ్డు కాబట్టి ఒకరి దగ్గరికొకరు రాలేరు. తాడు బిగువుగా చాచుకునే ఉంటుంది. పాలీగ్లుటమిక్ ఆమ్లం కూడా నీటిలో ఇలాగే విచ్చుకుని పొడవుగా ఉంటుంది. పొడవైన దారాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడతాయి. ప్రతి ఆవేశమూ తన చుట్టూ నీటి అణువులను పోగేసుకుంటుంది. చిక్కుపడిన దారాలు, వాటిని అంటిపెట్టుకున్న నీరు కలిసి లాగితే సాగే జిగట ద్రవం అవుతుంది.

ఇప్పుడు పులుపు వేద్దాం. పులుపు అంటేనే ద్రవంలో హైడ్రోజన్ అయాన్లు పెరగడం. అవి వెళ్లి కార్బాక్సిల్ వదిలేసిన చోట తిరిగి కూర్చుంటాయి. ఆవేశం చెరిగిపోతుంది, అంటే గొడుగు ముడుచుకుంటుంది. పిల్లలు దగ్గరికి జరుగుతారు, తాడు వదులై కుప్పబడుతుంది. ఒకదానికొకటి అందని దారాలు తీగ సాగవు. నట్టోలో వినెగర్ కలిపి తినేవాళ్లు జపాన్‌లో ఉన్నారు. అప్పుడు తీగ తగ్గి నురగ లేస్తుంది. బెండకాయ వేపుడులో పెరుగు చేసే పని కూడా ఇదే.

ఉప్పు మరో దారిలో వస్తుంది. అది ఆవేశాన్ని చెరపదు, కప్పిపెడుతుంది. సోడియం అయాన్లు ధనావేశంతో వచ్చి దారం చుట్టూ మూగుతాయి. పక్క పూసకు ఇటువైపు రుణావేశం తెలియకుండా పోతుంది. తోపు సన్నగిల్లుతుంది, దారం కుదించుకుంటుంది.

చంటిపిల్లల డైపర్ లోపల జరిగేది కూడా ఇదే కథ. అందులోని తెల్లటి పొడి పాలీయాక్రిలేట్, పెట్రోలియం నుంచి చేసిన రుణావేశపు దారాల వల. నీరు తగలగానే ఆవేశాలు తోసుకుని వల విచ్చుకుంటుంది, నీరు లోపలికి చేరుతుంది. మూత్రంలో లవణాలుంటాయి కాబట్టి శుద్ధమైన నీటిని పీల్చుకున్నంతగా మూత్రాన్ని పీల్చుకోలేదు. పాలీగ్లుటమిక్ ఆమ్లపు దారాలను గామా కిరణాలతో ఒకదానికొకటి ముడివేస్తే అలాంటి వలే తయారవుతుంది. అది తన బరువుకు వెయ్యి రెట్లకు మించి శుద్ధజలాన్ని పట్టుకోగలదు. పైగా దీన్ని నేలలోని సూక్ష్మజీవులు విరిచి తినేస్తాయి.

బాక్స్: ఒకే పూస, రెండు ముళ్లు

గ్లుటమిక్ ఆమ్లానికి మూడు చేతులున్నాయనుకోవచ్చు. ఒకటి అమైనో చేయి. తక్కిన రెండూ కార్బాక్సిల్ చేతులు, వాటిలో ఒకటి దగ్గరిది, ఒకటి కాస్త దూరపుది. మన శరీరంలోని ప్రోటీన్లలో ఒక పూస అమైనో చేయి, పక్క పూస దగ్గరి కార్బాక్సిల్ చేయి పట్టుకుంటాయి. దీన్ని ఆల్ఫా ముడి అంటారు. నట్టో దారంలో అమైనో చేయి దూరపు కార్బాక్సిల్‌ను పట్టుకుంటుంది. ఇది గామా ముడి.

తేడా చిన్నదే కానీ ఫలితం పెద్దది. ప్రోటీన్లను కోసే మన ఎంజైములు ఆల్ఫా ముడినే గుర్తుపడతాయి. గామా ముడి వాటి కత్తెరకు అందదు. కణంలో ప్రోటీన్లను అల్లే యంత్రం రైబోజోమ్. అది కూడా గామా ముడి వేయలేదు. బాక్టీరియా ఈ పనికి తన పొరలోనే వేరే ఎంజైముల జట్టును పెట్టుకుంది.

తోడేలు కంట పడని గొర్రె

నట్టోలో రుచిగా తినే ఈ దారమే గొర్రెల మందలో మృత్యువుకు తొడుగు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, కలిగించే బాసిల్లస్ ఆంత్రసిస్ తన ఒంటి చుట్టూ పాలీగ్లుటమిక్ ఆమ్లాన్ని దట్టంగా అల్లుకుంటుంది. శరీరంలోకి క్రిమి చొరబడితే మింగి చంపే కణాలు రక్తంలో తిరుగుతుంటాయి. అవి క్రిమిని తాకాలి, పట్టుకోవాలి, చుట్టుముట్టాలి. ఆవేశంతో, నీటితో ఉబ్బిన ఈ జారుడు పొర ఆ పట్టు దొరకనివ్వదు.

ఈ క్రిమి మరో జాగ్రత్త కూడా తీసుకుంది. అమైనో ఆమ్లాలకు కుడిచేయి, ఎడమచేయి లాగా అద్దంలో ప్రతిబింబించే రెండు రూపాలుంటాయి. మన ప్రోటీన్లన్నీ ఎడమ రూపంతో కట్టినవి. నట్టో దారంలో రెండు రూపాలూ కలిసి ఉంటాయి. ఆంత్రాక్స్ తొడుగులో ఉన్నవన్నీ కుడి రూపపు పూసలే. ముడి అలవాటు లేనిది, పూస అలవాటు లేనిది. దాన్ని విరిచే సాధనం మన దగ్గర లేదు, రోగనిరోధక వ్యవస్థ కూడా దాన్ని సరిగ్గా పోల్చుకోలేదు.

ఈ తొడుగు తీసేస్తే క్రిమి బలహీనపడుతుంది. ఇవానోవిచ్, బ్రుక్నెర్ దాని రసాయనాన్ని తేల్చిన 1930ల్లోనే దక్షిణాఫ్రికాలోని ఒండర్‌స్టెపోర్ట్‌లో పశువైద్య శాస్త్రవేత్త మాక్స్ స్టెర్న్, తొడుగు అల్లుకునే శక్తి కోల్పోయిన ఆంత్రాక్స్ జాతిని వేరుచేశారు. ఆ జాతి రోగం తేలేదు కానీ పశువు శరీరానికి రోగాన్ని పరిచయం చేయగలదు. తొడుగు అల్లే జన్యువులున్న చిన్న డీఎన్ఏ వలయం అందులో లేదని తర్వాత తేలింది. ఇవాళ మన పశువైద్యశాలల్లో వేసే దొమ్మ టీకాకు ఆధారం ఆ స్టెర్న్ జాతే. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసాన్ని కోసినవారికి చర్మం మీద నల్లటి పుండ్లు లేచిన సంఘటనలు ఉన్నాయి. వాటిని తలుచుకుంటే ఆ టీకా విలువ తెలుస్తుంది.

బురద నీరు ఎందుకు తేరుకోదు

వానాకాలంలో గోదావరికి కొత్తనీరు వస్తే బిందెలో పట్టిన నీరు తెల్లవారినా ఎర్రగానే ఉంటుంది. ఇసుక గంటలో అడుగుకు దిగుతుంది, మట్టి మాత్రం తేలుతూనే ఉంటుంది. బంకమట్టి రేణువులు మరీ సన్నగా ఉండటం ఒక కారణం. వాటి పైభాగాన రుణావేశం ఉండటం రెండో కారణం. ప్రతి రేణువూ పక్కదాన్ని తోస్తుంది. అవి కలిసి ముద్ద కట్టలేవు, కాబట్టి బరువెక్కి మునగలేవు.

పల్లెల్లో దీనికి మూడు మందులున్నాయి. పటిక కరిగితే అల్యూమినియం అయాన్లు వస్తాయి. వాటి బలమైన ధనావేశం రేణువుల మధ్య తోపును చల్లారుస్తుంది. మునగ గింజల పొడిలో నీటిలో కరిగే చిన్న ప్రోటీన్లుంటాయి. వాటి మీద ధనావేశం ఎక్కువ. అవి రుణావేశపు మట్టి రేణువులకు అతుక్కుని వాటిని జతపరుస్తాయి. సూడాన్‌లో నైలు ఒడ్డున ఆడవాళ్లు మునగ గింజలతో నది నీటిని తేర్చుకునేవారు. ఇక మన చిల్లగింజను బిందె లోపలి గోడకు అరగదీస్తే దాని రసంలోని పొడవైన దారాలు రేణువులను ఒకదానితో ఒకటి కలుపుతాయి. విశేషమేమిటంటే చిల్లగింజ దారాల మీద ఉన్నది కూడా రుణావేశమే.

రుణావేశపు దారం రుణావేశపు మట్టిని ఎలా పట్టగలదు? నీటిలో కరిగి ఉన్న కాల్షియం లాంటి అయాన్లు మధ్యవర్తులవుతాయి. కాల్షియం మీద రెండు ధనావేశాలున్నాయి. ఒక చేత్తో మట్టి రేణువును, మరో చేత్తో దారాన్ని పట్టుకోగలదు. దారం పొడవు కాబట్టి ఒకే దారం మీద ఎన్నో రేణువులు వేలాడతాయి. గుత్తి బరువెక్కి అడుగుకు చేరుతుంది.

ఈ సూత్రం ఆధారంగానే జపాన్‌లో పాలీగ్లుటమిక్ ఆమ్లానికి కాల్షియం లవణాలు చేర్చి నీటిని తేర్చే పొడి తయారైంది. 1995లో కోబె నగరాన్ని కుదిపేసిన భూకంపం తర్వాత తాగునీటి కోసం జనం పడిన పాట్లు చూసి కనెతోషి ఒడా అనే పారిశ్రామికవేత్త ఈ పని మొదలుపెట్టారు. ఆ పొడి తర్వాత బంగ్లాదేశ్ పల్లెలకూ చేరింది. ఇలా తేరిన నీటిలో సూక్ష్మజీవులు మిగలవచ్చు కాబట్టి తాగే ముందు క్లోరిన్ కలపడమో, మరిగించడమో తప్పదు. మునగకూ, చిల్లగింజకూ కూడా అదే నియమం.

గుర్తు మారితే

ఇప్పటిదాకా చూసినది రుణావేశపు దారం. లైసిన్ అనే అమైనో ఆమ్లపు పూసలను గుచ్చితే దానికి ఎదురు దారం వస్తుంది. లైసిన్‌కు అదనంగా ఒక అమైనో సమూహం ఉంటుంది. అది నీటిలో హైడ్రోజన్ అయాన్‌ను తీసుకుని ధనావేశం పొందుతుంది. పాలీలైసిన్‌ను 1940ల చివర ప్రయోగశాలలో తయారుచేసినవారు ఎఫ్రాయిమ్ కచాల్‌స్కీ. తర్వాత కట్జిర్ అన్న ఇంటిపేరుతో 1973 నుంచి 1978 దాకా ఇజ్రాయెల్ అధ్యక్షుడిగా పనిచేశారు.

ధనావేశపు దారం విలువ ఒక సాదా నిజం నుంచి వచ్చింది. జీవలోకంలో చాలా ఉపరితలాలు రుణావేశంతో ఉంటాయి. కణాల పైపొర అంతే, బాక్టీరియా పైపొర అంతే, డీఎన్ఏ అంతే. గాజు కూడా అంతే. అందుకే కణాలు గాజు పలకకు సరిగ్గా అతుక్కోవు. 1975లో డేనియల్ మేజియా బృందం గాజుకు పాలీలైసిన్ పూత పూసి చూసింది. కణాలు గట్టిగా అంటుకున్నాయి. రెండు రుణావేశాల మధ్య ఒక ధనావేశపు పొర వచ్చింది, అంతే. ఇవాళ ల్యాబులో కణజాలపు పలుచటి పొరను జారిపోకుండా నిలబెట్టే స్లైడ్లలో ఎన్నింటికో ఈ పూత ఉంటుంది. నాడీకణాలను పెంచే పళ్లేలకు కుడి రూపపు పాలీలైసిన్ పూస్తారు. కణాలు వదిలే ఎంజైములు దాన్ని కోయలేవు. ఆంత్రాక్స్ క్రిమి వాడుకున్న కిటుకే ఇక్కడ మనిషికి అక్కరకొచ్చింది.

1977లో జపాన్ శాస్త్రవేత్తలు షిమా, సకాయ్ మట్టిలోని స్ట్రెప్టోమైసెస్ అనే సూక్ష్మజీవి పాలీలైసిన్‌ను తనంతట తాను తయారుచేస్తుందని ప్రకటించారు. అందులో 25 నుంచి 35 పూసలే ఉంటాయి. ముడి కూడా మామూలు చోట కాక దూరపు చేతి దగ్గర పడుతుంది. ఈ పొట్టి దారం బాక్టీరియా పైపొరకు అతుక్కుని దాన్ని చెదరగొడుతుంది. వేడికి చెడిపోదు. జపాన్‌లో వండిన అన్నం, నూడుల్స్ పాడవకుండా దీన్ని వాడుతున్నారు.

ధనావేశపు దారాల్లో ప్రకృతి సిద్ధమైనది మరొకటి మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపులో కూడా ఉంది. 1874లో స్విట్జర్లాండ్‌లో మీషర్ అనే శాస్త్రవేత్త, రైన్ నది సాల్మన్ చేపల వీర్యకణాల్లో ప్రోటమిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. ఆర్జినిన్ అనే ధనావేశపు పూసలతో నిండిన ప్రోటీన్ అది. చేప దాన్ని డీఎన్ఏను బిగుతుగా చుట్టిపెట్టడానికి వాడుకుంటుంది. 1936లో డెన్మార్క్ వైద్యుడు హేగెడోర్న్ దాన్ని ఇన్సులిన్‌తో కలిపారు. శరీర ద్రవాల్లో ఇన్సులిన్ మీద కొంత రుణావేశం ఉంటుంది. రెండూ జతకట్టి సన్నటి రవ్వగా విడిపోతాయి. చర్మం కింద ఆ రవ్వ నెమ్మదిగా కరిగి గంటల తరబడి మందును అందిస్తుంది. తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్ సీసాను అరచేతుల మధ్య దొర్లించి వాడమని నర్సు చెప్పేది ఆ రవ్వ అడుగున పేరుకోకుండా సమంగా కలవడానికే. గుండె ఆపరేషన్ ముగిశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్‌ను విరిచేది కూడా ప్రోటమినే. హెపారిన్ రుణావేశపు దారం, ప్రోటమిన్ ధనావేశపు దారం. రెండూ పెనవేసుకుని ఒకదాని పనిని ఒకటి ఆపేస్తాయి.

బాక్స్: మెలిక పడే దారం

ఆల్ఫా ముళ్లతో కట్టిన పాలీగ్లుటమిక్ ఆమ్లానికి ఒక చిత్రమైన గుణం ఉంది. మామూలు నీటిలో అది తోపులాట వల్ల చిందరవందరగా చాచుకుని ఉంటుంది. ద్రవాన్ని పుల్లబరిస్తే ఆవేశం పోయి స్ప్రింగులా క్రమమైన మెలికలోకి మారుతుంది. పాలీలైసిన్ సరిగ్గా దీనికి తిరగబడుతుంది. గాఢమైన క్షారంలో దాని ధనావేశం పోయి మెలిక పడుతుంది. 1950ల్లో హార్వర్డ్‌లో పాల్ డోటీ, ఎల్కన్ బ్లౌట్ బృందం ఈ మార్పును కొలిచింది. ప్రోటీన్ ఎలా మడత పడుతుందో, ఎలా విడిపోతుందో తెలుసుకోవడానికి ఒకే రకం పూసలున్న ఈ దారాలు తొలి నమూనాలయ్యాయి. నిజమైన ప్రోటీన్‌లో ఇరవై రకాల పూసలుంటాయి, దేని ప్రభావం ఎంతో విడదీయడం కష్టం. ఒకే పూస ఉన్న దండలో ఆ చిక్కు లేదు.

హైదరాబాద్ దాకా వచ్చిన మిశ్రమం

రెండు గుర్తుల పూసలనూ ఒకే దారంలో కలిపితే? ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో 1960ల్లో మైకేల్ సెలా, రూత్ ఆర్నన్, డ్వోరా టైటెల్‌బామ్ అదే చేశారు. గ్లుటమిక్ ఆమ్లం, లైసిన్‌లకు అలనిన్, టైరోసిన్ జతచేసి, వరసకు నియమం లేకుండా గుచ్చారు. నరాల తొడుగులోని ఒక ధనావేశపు ప్రోటీన్‌ను పోలిన పదార్థంతో జంతువుల్లో నరాల జబ్బు తెప్పించి పరిశీలించాలన్నది వారి ఆలోచన. జబ్బు రాలేదు సరికదా, ఆ పదార్థం జబ్బును అణచింది. 1996లో అమెరికాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకు మందుగా అనుమతి పొందిన గ్లాటిరామర్ అదే. అందులో లైసిన్ పాలు గ్లుటమిక్ ఆమ్లం కన్నా రెట్టింపుకు మించి ఉంటుంది కాబట్టి మొత్తంమీద దారం ధనావేశంతో ఉంటుంది.

ఈ మందు ఒక అణువు కాదు. లెక్కలేనన్ని వేర్వేరు వరసలున్న దారాల మిశ్రమం. అలాంటిదాన్ని మరొకరు తయారుచేసి ఇదీ అదీ ఒకటేనని నిరూపించడం మామూలు మాత్రను తిరిగి చేసినంత తేలిక కాదు. 2017 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మైలాన్ కంపెనీ జనరిక్ గ్లాటిరామర్‌కు అనుమతి ఇచ్చింది. దాని వెనక భాగస్వామి హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా.

అన్ని ఆలోచనలూ ఇలా ఒడ్డు చేరలేదు. కేన్సర్ మందు పాక్లిటాక్సెల్ నీటిలో సరిగ్గా కరగదు. దాన్ని పాలీగ్లుటమిక్ ఆమ్లపు దారానికి వేలాడదీస్తే బాగా కరుగుతుంది, గడ్డలోకి చేరి అక్కడ దారం తెగి మందు విడుదలవుతుంది అన్నది ఒక ఆశ. ఊపిరితిత్తుల కేన్సర్ మీద పెద్ద ఎత్తున పరీక్షలు జరిగాయి. రోగుల ఆయుష్షు అనుకున్నట్టు పెరగలేదు, మందుకు అనుమతి రాలేదు. పాలీలైసిన్‌దీ ఇలాంటి కథే. 1987లో జార్జ్ వు, కేథరిన్ వు దానికి జన్యువును చుట్టి కాలేయ కణాల్లోకి పంపి చూపించారు. అయితే పొడవాటి ధనావేశపు దారం కణాల పొరలను గాయపరుస్తుంది. రక్తంలోని ప్రోటీన్లు దానికి దారిలోనే అంటుకుంటాయి. ఎప్పుడూ ఆవేశంతో ఉండే పదార్థం కాకుండా, అవసరమైన చోట మాత్రమే ఆవేశం పొందేది కావాలని పరిశోధకులు గ్రహించారు. కోవిడ్ కాలంలో వచ్చిన ఎంఆర్ఎన్ఏ టీకాల్లోని కొవ్వు అణువులు అలాంటివే. రక్తంలో దాదాపు ఆవేశం లేకుండా ఉంటాయి, కణం లోపల పుల్లటి అరలోకి చేరాక ధనావేశం పొందుతాయి. చింతపండు పులుసు బెండకాయ దారం మీద రుణావేశాన్ని చెరిపింది. ఇక్కడ పులుపు ధనావేశాన్ని పుట్టిస్తుంది.

కణం వేసే తాళం

గామా ముడితో గ్లుటమిక్ ఆమ్లపు దండ గుచ్చడం బాక్టీరియాకే తెలిసిన విద్య కాదు. మన శరీరంలోనూ అది రోజూ జరుగుతోంది. దండ మాత్రం పొట్టిది.

తోటకూర, పాలకూర, పప్పుల్లో దొరికే ఫోలేట్ విటమిన్‌కు చివర గ్లుటమిక్ ఆమ్లపు తోక ఉంటుంది. ఆహారంలో ఆ తోకలో చాలాసార్లు అనేక పూసలుంటాయి, ముళ్లన్నీ గామా ముళ్లే. పేగుల్లో ఒక ఎంజైము వాటిని ఒక్కొక్కటిగా తెంచి ఒకే పూస మిగిల్చిన తర్వాతే ఫోలేట్ ఒంటికి పడుతుంది. కణంలోకి వెళ్లాక మరో ఎంజైము మళ్లీ పూసలు గుచ్చుతుంది. విప్పి, తిరిగి కట్టడంలో అర్థం ఉంది. ప్రతి పూసతో పాటు మరో రుణావేశం చేరుతుంది. కణం పొరలో నూనెలాంటి భాగం ఆవేశం ఉన్నవాటిని దాటనివ్వదు. పొట్టి తోకతో లోపలికి వచ్చిన అణువు పొడుగు తోకతో బయటికి పోలేదు.

ఈ విటమిన్ చరిత్రలో ఒక తెలుగువాడి పేరు మొదటి వరసలో ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు ప్రకటించింది. మూడు పూసల తోక ఉన్న రూపాన్ని కూడా అదే బృందం తయారుచేసింది. తర్వాత ఫోలేట్‌ను పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అణువులను తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో చిన్నపిల్లల రక్తకేన్సర్‌ను తాత్కాలికంగానైనా అణచగలిగారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. ఆయన చేతి మీదుగా వచ్చిన ఆ మందును ఇవాళ కేన్సర్‌తో పాటు కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ వాడుతున్నారు.

మెథోట్రెక్సేట్‌కు కూడా ఒక గ్లుటమిక్ ఆమ్లపు తోక ఉంది. కణం దాన్ని ఫోలేట్ అనుకుని రెండో పూస, మూడో పూస, నాలుగో పూస గుచ్చుతుంది. రక్తంలో తిరిగే మందు ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు మూత్రంలో పోతుంది. కణం లోపల తోక పెరిగినది మాత్రం రోజులు, వారాల తరబడి నిలిచి పనిచేస్తూనే ఉంటుంది. కీళ్లవాతానికి ఈ మాత్రను వారానికి ఒక్కసారి వేసుకుంటే చాలడానికి ఇదొక ముఖ్య కారణం. మిగతా మాత్రల అలవాటు కొద్దీ రోజూ వేసుకుంటే మందు పేరుకుని నోట్లో పుండ్లు పడతాయి, ఎముక మజ్జ దెబ్బతింటుంది, ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే చీటీ మీద వారం పేరు రాసి, ఆ ఒక్క రోజే వేసుకోమని డాక్టర్లు రోగికి రెండుసార్లు చెబుతారు.